జోడీ కట్టిన ఓటు

"అణుబాంబులను ఆపడానికి ఒక ప్రజాప్రతినిధి చేయగలిగిన అతి పెద్ద త్యాగం నేను చేయబోతున్నాను. బుధవారం నేను ఓటు వేయడం లేదు."

ఆర్డ్‌క్రెయిగ్ చర్చి హాల్లో గౌరవనీయ పార్లమెంటు సభ్యులు టార్క్విల్ రెన్నీ గారు ఈ ప్రకటన చేసినప్పుడు సభ యావత్తూ, అంటే పదకొండు మందీ, చప్పట్లు కొట్టాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెన్నీ గారు నొచ్చుకోలేదు. తన గొప్పతనం జనానికి వెంటనే అర్థం కాకపోవడం ఆయనకు అలవాటే.

ముందు వరసలోంచి ఇష్‌బెల్ లెయిడ్‌లా లేచి నిలబడింది. డెబ్బై రెండేళ్ల మనిషి. ఊరి బడి క్యాంటీన్లో ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకు వడ్డించి రిటైరైంది. బాంబుల వ్యతిరేక సంఘానికి ముప్ఫై నాలుగేళ్లుగా కార్యదర్శి. సముద్రపు పాయకు అవతలి గట్టున జలాంతర్గాముల స్థావరం ఉంది. అక్కడికి బాంబులు మోసుకెళ్లే లారీలు ఆమె వంటింటి కిటికీ పక్కనుంచే పోతాయి. అవి పోయినప్పుడల్లా అల్మారాలో పెళ్లినాటి టీ కప్పులు గలగలలాడతాయి. రెన్నీ గారు గెలిచింది రెండు వందల పన్నెండు ఓట్ల ఆధిక్యంతో. అందులో రెండు వందలు తన మోకాళ్లు అరగదీసి తెచ్చినవేనని ఆమె నమ్మకం.

"నాయనా టార్క్విల్, కొత్త బాంబులు ఆపుతానన్నావనే కదా నిన్ను గెలిపించాం? తీరా ఓటు వచ్చేసరికి వెయ్యనంటావేం?"

బుధవారం సాయంత్రం ఏడింటికి లండన్లో ఓటింగు. కొత్త బాంబుల పని ఐదేళ్లు ఆపి, అసలు అవసరమా అని మళ్లీ ఆలోచిద్దామన్న తీర్మానం అది. ఇది పోతే పాత బాంబుల స్థానంలో కొత్తవి వచ్చేస్తాయి. మళ్లీ ఈ ప్రశ్న లేచేది ఇంకో ముప్ఫై ఏళ్లకు. ఇష్‌బెల్ ఆ లెక్క చాలాసార్లు వేసి చూసుకుంది. అప్పటికి తను ఉండదు.

"అమ్మా, పార్లమెంటులో జోడీ అని ఒక పవిత్ర సంప్రదాయం ఉంది," అన్నారు రెన్నీ గారు. "అటువైపు సభ్యుడొకరు, ఇటువైపు సభ్యుడొకరు మాట్లాడుకుని ఇద్దరూ ఓటింగుకు రాకుండా ఉండిపోతారు. అటొకటి తగ్గుతుంది, ఇటొకటి తగ్గుతుంది."

"తగ్గితే మనకేం ఒరిగింది?"

"బాంబు వైపు ఓటొకటి కూలిపోలేదూ? మామూలు సభ్యుడైతే వెళ్లి ఒక ఓటు వేసి వచ్చేస్తాడు. నేను శత్రువును వాటేసుకుని మరీ మునుగుతున్నాను."

"నువ్వెళ్లి వేసొచ్చినా ఒకటికి ఒకటి చెల్లు కదయ్యా. తేడా ఏముంది?"

"అందులో త్యాగం ఏముందమ్మా?"

దీనికి జవాబు లేదు కాబట్టి సభ చప్పట్లు కొట్టింది.

రెన్నీ గారి ఇబ్బంది కూడా మనం అర్థం చేసుకోవాలి. ఆయన నియోజకవర్గంలో సగం మంది ఆ స్థావరంలో పనిచేస్తారు. మిగతా సగానికి దాన్ని తలచుకుంటే నిద్ర పట్టదు. "బాంబులు వద్దు, బాంబుల దగ్గర ఉద్యోగాలు కావాలి" అన్న నినాదంతో ఆయన ఇద్దరి మనసులూ గెలిచారు. ఈమధ్య పార్టీ నాయకుడు, ఆపమని ఓటేసే వాళ్లకు పదవులుండవని ఎవరి చెవిలోనో అన్నారట. ఆ చెవి రెన్నీ గారిదని కొందరి అపవాదు.

సభ అయ్యాక ఆయన ఇష్‌బెల్‌ను పక్కకు పిలిచారు. పక్కనే ఆమె ఆడబిడ్డ నెట్టా కూడా నిలబడింది. నెట్టా పక్కన లేకుండా ఇష్‌బెల్‌తో రహస్యం చెప్పడం ఆ ఊళ్లో ఎవరికీ సాధ్యం కాదు.

"నా జోడీ బ్రిగేడియర్ పెరెగ్రిన్ స్టాప్‌ఫర్డ్. సైన్యంలో చేసి రిటైరై అవతలి పార్టీలో చేరాడు. బుధవారం మన ఊరికి రప్పిస్తున్నాను. జోడీ అనేది నోటిమాట మీద నడిచేది, కాగితం ఉండదు. నిరుడు ఒకాయన మాటిచ్చి, ఆఖరి నిమిషంలో పరుగెత్తి ఓటేసొచ్చాడు. అందుకని ఈయన్ని మీ ఇంట్లో భోజనానికి కూర్చోబెట్టి, ఏడు కొట్టేదాకా కదలనివ్వకండి."

"మరి నువ్వెక్కడుంటావ్?" అంది నెట్టా.

"నాకు ఆ రోజు స్థావరంలో కొత్త క్యాంటీన్ ప్రారంభోత్సవం ఉంది."

"బాంబుల స్థావరంలోనా?"

"క్యాంటీన్లో తినేది మనుషులమ్మా, బాంబులు కాదు." ఆయన గొంతు తగ్గించారు. "ఇంకో మాట. అతను మహా మాటకారి. నేనూ మీ పక్షమే అంటాడు. సైనికుల బూట్ల గురించి ఏదో కథ చెప్పి కంటతడి పెట్టిస్తాడు. కరిగిపోయారో, ముప్ఫై నాలుగేళ్ల పోరాటం గంగపాలే."

"కరగడానికి నేను వెన్ననా?" అంది ఇష్‌బెల్.

బుధవారం పదకొండింటికి బ్రిగేడియర్ గారు తన పాత లాండ్‌రోవర్ నడుపుకుంటూ వచ్చారు. వెదురుగడలాంటి మనిషి. టోపీ తీసి, వంగి నమస్కరించి, బిస్కెట్ల డబ్బా ఒకటి ఇష్‌బెల్ చేతిలో పెట్టి, బండి తాళంచెవి తలుపు పక్క కొక్కేనికి తగిలించారు. గోడ మీద 'బాంబులు వద్దు' అన్న పోస్టరు చూసి ఆయన మొహం వెలిగింది.

"రెన్నీ గారి ఊళ్లో మీలాంటి వాళ్లుంటారని అనుకోలేదు!"

"చూశావా వదినా, అప్పుడే మొదలెట్టాడు," అని నెట్టా గుసగుసలాడింది.

పప్పు సూప్ రెండోసారి పోయించుకుంటుండగా ఆయన జేబులో ఫోను మోగింది. ఆ ఇంట్లో సిగ్నల్ దొరికేది పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర మాత్రమే. ఆయన అక్కడికి వెళ్లారు. ఇష్‌బెల్ వంటింట్లో గుడ్డ కుడుముకు పిండి కలుపుతోంది. కిస్మిస్, బెల్లపు పాకం, మసాలాలు వేసి, గుడ్డలో మూటకట్టి నాలుగు గంటలు ఉడకబెట్టే కుడుము అది. అందులో నాణెం దాచడం ఆనవాయితీ, అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు అదృష్టం.

కిటికీలోంచి మాటలు వినబడ్డాయి. "అంత దగ్గరగా ఉందా? ఒకటి రెండు ఓట్లే తేడానా? మూడింటి విమానం అందుకుంటాను."

ఇష్‌బెల్ ఒక్క క్షణం ఆగింది. చేతులు తుడుచుకోకుండానే వెళ్లి, కొక్కేనికున్న తాళంచెవి తీసుకొచ్చి, పిండి మధ్యలోకి నొక్కేసింది. గుడ్డ మూట బిగించి మరుగుతున్న నీళ్లలో దించింది.

"వదినా! అది ఇనుమే!"

"నాణేలేమన్నా బంగాళాదుంపలా? నోర్మూసుకుని మూత పెట్టు."

బ్రిగేడియర్ గారు హడావుడిగా లోపలికి వచ్చారు. "క్షమించాలమ్మా, నేను లండన్ వెళ్లక తప్పదు. మాట తప్పడం తప్పే, రెన్నీ గారి కాళ్లు పట్టుకునైనా క్షమాపణ అడుగుతాను. కానీ ఇవాళ ఇక్కడ కూర్చోవడం అంతకంటే పెద్ద తప్పు. నా తాళంచెవి ఏది?"

ఇష్‌బెల్ గిన్నె వైపు చూపించింది. "ఉడుకుతోంది."

"ఉడుకుతోందా?"

"నాలుగు గంటలు పడుతుంది. మధ్యలో మూత తీస్తే కుడుము పాడవుతుంది."

ఎడారిలో తుపాకుల మధ్య నడిచిన మనిషి ఆయన. మందుపాతరలు చేత్తో తీసిన మనిషి. అయినా ఒక పెద్దావిడ పొయ్యి మీద మూత ఆవిడ అనుమతి లేకుండా ఎత్తడం ఆయన పెంపకంలో లేదు. ఒకసారి చెయ్యి చాచారు. నెట్టా గరిటె పట్టుకుని అడ్డం నిలబడగానే వెనక్కి తీసుకున్నారు.

"పోనీ టాక్సీ పిలవండి."

"ఊళ్లో ఉన్నది ఒకటే టాక్సీ, అది మా అల్లుడిది. ఇవాళ పొద్దున్నుంచి రాత్రి దాకా రెన్నీ గారే మాట్లాడుకున్నారు," అంది నెట్టా గర్వంగా.

బ్రిగేడియర్ గారు కుర్చీలో కూలబడ్డారు. "అమ్మా, మీకు తెలియదు. నేను వెళ్లేది ఆపమని ఓటేయడానికి. మీరూ నేనూ ఒకే వైపు. ఒక చలికాలం నా కుర్రాళ్లను కొండల్లోకి పంపారు. బూట్లు చిరిగిపోయాయి, కొత్తవి పంపమని ఉత్తరం మీద ఉత్తరం రాశాను. లేవన్నారు. ముగ్గురికి కాలివేళ్లు తీసేశారు. అందులో ఒకడికి పందొమ్మిదేళ్లు. అదే ఏడు ఈ బాంబుల కోసం కొత్త రేవు కట్టారు. ఆ రోజునుంచీ ..."

"బూట్లు వచ్చేశాయి వదినా!" అని నెట్టా చప్పట్లు కొట్టింది. "ఆయన చెప్పింది చెప్పినట్టే!"

ఇష్‌బెల్‌కు మాత్రం పందొమ్మిదేళ్ల కుర్రాడి కాళ్లు కళ్ల ముందు మెదిలాయి. ఎంత బాగా నటిస్తున్నాడు అనుకుంది. తన మెత్తదనం మీద తనకే కోపం వచ్చి పొయ్యి మంట పెంచింది.

మూడయింది. ఎక్కడో విమానం వెళ్లిపోయింది. బ్రిగేడియర్ గారు నెట్టా కడిగిన పళ్లేలూ కప్పులూ అన్నీ తుడిచి, సైజుల వారీగా అల్మారాలో సర్దారు. ఖైదీగా ఆయనకు వంక పెట్టడానికి లేదు.

ఏడు దాటాక టీవీలో ఫలితం చెప్పారు. ఆపాలన్న వాళ్లు రెండు వందల తొంభై. ఆపొద్దన్న వాళ్లు రెండు వందల తొంభై ఒకటి.

ఇష్‌బెల్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "ఒక్కటి," అంది. "ఒక్క ఓటు."

"ఈయన వెళ్లుంటే రెండు అయ్యేది వదినా," అని నెట్టా ఓదార్చబోయింది.

"నేను వెళ్లుంటే సమానం అయ్యేదమ్మా," అన్నారు బ్రిగేడియర్ గారు మెల్లగా. ఆ గొంతులో ఇప్పుడు ఎవరినీ నమ్మించాల్సిన పని లేదు. విమానం పోయింది, ఓటు పోయింది. ఇంకా అబద్ధం ఆడి ఆయనకు వచ్చేదేమీ లేదు.

ఇష్‌బెల్ తల తిప్పి ఆయన వైపు చూసింది. "ఈ బూట్ల సంగతి మీరు ఎంతమందికి చెప్పారు?"

"ఒక్కసారే చెప్పాను. రక్షణ కమిటీలో, తలుపులు వేసిన గదిలో. రెన్నీ గారు నా పక్క కుర్చీలోనే ఉన్నారు. కళ్లు కూడా తుడుచుకున్నారు పాపం. మర్నాడే వచ్చి జోడీ కడదామన్నారు."

"మరి రెన్నీ ఎటు వేస్తాడని చెప్పాడు మీకు?"

"బాంబు వైపే అన్నారు. ఊళ్లో స్థావరం పెట్టుకుని ఇంకెటు వేయగలనండీ అన్నారు. అవతల ఓటొకటి తగ్గుతుంది కదా అని నేను సరేనన్నాను."

పొయ్యి మీద కుడుము గిన్నె బుడబుడమంటోంది. ఎక్కించి ఏడు గంటలు కావస్తున్నా ఎవరూ దించలేదు. నెట్టా చేతిలో గరిటె మెల్లగా కిందికి దిగింది.

ఏడున్నరకు తలుపు తోసుకుని రెన్నీ గారు వచ్చారు. క్యాంటీన్ రిబ్బను ముక్క కోటుకు గుచ్చుకుని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"విన్నారా? ఒక్కటంటే ఒక్క ఓటు! నేను గనక ఈయన్ని ఇక్కడ ఆపి ఉండకపోతే రెండు ఓట్లతో ఓడిపోయేవాళ్లం! చరిత్ర దీన్ని మరిచిపోదు. ఇంకో శుభవార్త. ఇప్పుడే మా నాయకుడు ఫోన్ చేశారు. శాంతి, నిరాయుధీకరణ విషయాల్లో ఇకనుంచి నేనే పార్టీ అధికార ప్రతినిధిని. ఇది నాది కాదమ్మా, మీ ముప్ఫై నాలుగేళ్ల పోరాటానికి దక్కిన విజయం. రేపు సభ పెట్టి నాకు సన్మానం చేస్తే మీ పేరు కూడా పేపర్లో పడుతుంది."

"అలాగే నాయనా, కూర్చో," అంది ఇష్‌బెల్.

"ఆహా, గుడ్డ కుడుము! బడిలో మీరు వడ్డించిన రోజుల తరవాత మళ్లీ తినలేదు."

ఆ రోజులు ఇష్‌బెల్‌కు బాగా గుర్తున్నాయి. ఒక పళ్లెం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, నాకింకా పెట్టలేదని మళ్లీ వరసలో నిలబడే పిల్లాడు ఆయనొక్కడే. పాపం ఆకలేమో అనుకుని ఆమె రోజూ రెండోసారి వడ్డించేది. తెలిసే వడ్డించేది.

మూట విప్పి కుడుమును పళ్లెంలో పెట్టింది. కత్తి దించుతుంటే లోపల ఒకచోట టక్కుమంది. ఆమె కత్తి పైకి తీసి, వేలెడు పక్కకు జరిపి, ఒక పెద్ద ముక్క కోసి రెన్నీ గారి ముందు పెట్టింది. బ్రిగేడియర్ గారు చూశారు. చూసి, టీ కప్పు అందుకుని కిటికీ బయటి సముద్రాన్ని శ్రద్ధగా గమనించసాగారు.

"నాణెం వేశారా ఇందులో?"

"వేశాను. దొరికినవాడికి అదృష్టం. చిన్నచిన్నగా కొరక్కు, అధికార ప్రతినిధివి కదా, నోరు బాగా తెరువు."

రెన్నీ గారు ఎవరు నోరు తెరవమన్నా కాదనే మనిషి కాదు.

ఆయన్ని నెట్టా అల్లుడి టాక్సీలో ఆసుపత్రికి పంపాక, ఇష్‌బెల్ ఆ తాళంచెవిని కుళాయి కింద పెట్టి చాలాసేపు కడిగింది. కడుగుతూ ఏడ్చింది. బ్రిగేడియర్ గారు తువ్వాలు అందించారు. అప్పుడే కిటికీ పక్కనుంచి లారీలు వరసగా పోయాయి, ఆయన సైజుల వారీగా సర్దిన కప్పులన్నీ గలగలలాడాయి.

శాంతి, నిరాయుధీకరణ అధికార ప్రతినిధిగా రెన్నీ గారి తొలి ప్రసంగం వాయిదా పడింది. ముందు పళ్లు మూడు పోవడంతో నెలరోజులు నోరు తెరవొద్దన్నారు డాక్టర్లు. కొత్త బాంబుల మీద మీ వైఖరి ఏమిటని విలేకరులు అడిగితే, ఆయన పెదాలు బిగించి, చెయ్యి అటూ ఇటూ ఊపారు. అదే తమ అధికారిక విధానమని పార్టీ ఆ సాయంత్రమే ప్రకటించింది.