మూడు యుగాలు, ఒకే పెట్టె

ఇకమీదట పుట్టిన ప్రతి మనిషినీ పుట్టినట్టే పరిగణిస్తామని మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. ఇంతటి సాహసం అంతకుముందు ఏ ప్రభుత్వమూ చేయలేదు.

దానికి కారణం ఉంది. జననాల శాఖకు మూడు ప్రభుత్వాలు మూడు రకాల కంప్యూటర్లు కొనిపెట్టాయి. కొత్త ప్రభుత్వం వచ్చినప్పుడల్లా పాత యంత్రం అటకెక్కింది, దాంతోపాటు అందులో పుట్టినవాళ్లూ ఎక్కారు. తీగలక్క కూతురు అలా మొదటి యంత్రంతో అటకెక్కినవాళ్లలో ఒకతి. నర్సు ఉద్యోగం వచ్చింది, శుక్రవారం సాయంత్రంలోగా చేరాలి, జనన పత్రం కావాలి.

"మీ అమ్మాయి పుట్టలేదమ్మా," అన్నాడు కౌంటరులో గుమాస్తా.

"ఇదిగో, నా పక్కనే నిలబడి ఉంది కదయ్యా."

"నిలబడటం మా శాఖ కిందికి రాదు."

తీగలక్క అసలు పేరు బజారులో ఎవరికీ గుర్తులేదు. మెట్ల కింద కొట్లో ఇరవై ఏళ్లుగా పాత కంప్యూటర్లు బాగుచేస్తోంది, మెడలో ఎప్పుడూ ఏదో ఒక తీగ వేలాడుతుంటుంది. మంత్రిగారి ఆజ్ఞ ప్రకారం మూడు హార్డ్ డిస్కులనూ ఒకే పెట్టెలో బిగించారనీ, అది లేవడం లేదనీ, కంపెనీ ఇంజనీర్లు దాని ముందు కూర్చుని టీలు తాగుతున్నారనీ గుమాస్తా నోటే విని, స్క్రూడ్రైవరు పట్టుకుని నేరుగా డైరెక్టరుగారి గదికి వెళ్లింది.

నల్లటి తెర మీద ఒక మూల చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది. ఆమె పెట్టె మూత తీసి చూసింది.

"డిస్కు వెనక బుల్లి పిన్ను ఉంటుంది సార్. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది అదే చెబుతుంది. ఇక్కడ మూడింటికీ పెద్ద అనే పెట్టి ఉంది."

"ప్రభుత్వాలు కదమ్మా," అన్నారు డైరెక్టరుగారు అర్థమైనట్టు తలూపి.

ఆమె ఒక్కోదాన్నీ విడదీసి పెట్టి చూసింది. ఎవరి మటుకు వాళ్లు బుద్ధిగా లేచారు. కలిపితేనే గొడవ. అన్నిటికంటే పాతది మరీ మొండి. దానికి మొదటి పీట వేస్తేగానీ కదలదు.

"ఆ పాత ప్రభుత్వం మనకంటే ముందుండటమా? నా ఉద్యోగం ఊడుతుంది."

"లోపల అది ముందుంటుంది సార్. తెర మీద మీది పైన కనిపిస్తుంది."

తన సర్వీసులో పరిపాలన గురించి ఇంత విడమరిచి చెప్పినవాళ్లు లేరని డైరెక్టరుగారు మెచ్చుకున్నారు. తర్వాత తెర మీద పేర్లు తేల్చడానికి ఒక కమిటీ కూర్చుని, భోజనాల వేళకు లేచింది. పై వరుసలో స్వర్ణయుగం. దాని కింద అంధకార యుగం రెండు, అంధకార యుగం ఒకటి.

గురువారం మధ్యాహ్నానికి మూడూ లేచాయి. కానీ పాతవి రెండూ రికార్డులు తెరవబోతే పాస్‌వర్డ్ అడిగాయి. తెలిసినవాళ్లలో ఒకాయన రిటైరై ఎటో వెళ్లిపోయాడు, ఇంకొకాయన చనిపోయాడు. బలవంతంగా తెరిస్తే రికార్డులన్నీ చెరిగిపోతాయి.

"దానికేం, పేర్లు కనిపిస్తున్నాయిగా," అన్నారు డైరెక్టరుగారు. "రేపు మంత్రిగారు స్వర్ణయుగం నొక్కుతారు, మనం చప్పట్లు కొడతాం."

"మరి మా అమ్మాయి సంగతి?"

"చప్పట్లయ్యాక చూద్దాం."

ఇంట్లో కూతురు తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. తీగలక్క అటు చూడలేక వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

శుక్రవారం మంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడారు. "ఆ రోజుల్లో ఈ శాఖను ఏలిన పెద్దమనిషి ఎవడో గానీ, జనాన్ని రాసుకుని మరిచిపోయాడు. వాడికి మనసనేదే లేదు," అన్నారు. హాలు మారుమోగింది. ఆ ఊపులో మంత్రిగారు కంప్యూటరు దగ్గరికి నడిచారు.

"స్వర్ణయుగం మీరు రోజూ చూస్తున్నదే. ఆ చీకటేమిటో ఇవాళ చూడండి," అంటూ అంధకార యుగం ఒకటి నొక్కారు.

ఆపబోయిన డైరెక్టరుగారి చెయ్యి మధ్యలోనే నమస్కారంగా మారిపోయింది. పాత డిస్కు దగ్గుతూ లేచింది. నీలం తెర మీద పాస్‌వర్డ్ గడి తెరుచుకుంది. గుమాస్తా కళ్లు మూసుకున్నాడు. కూతురి పక్కన నిలబడ్డ తీగలక్క మెడలోని తీగను పిడికిట్లో బిగించింది.

మంత్రిగారు కెమెరాల వైపు తిరిగి ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. కుడిచెయ్యి మాత్రం కీబోర్డు మీదికి వెళ్లి, ఎనిమిది అక్షరాలు కొట్టి, ఎంటర్ నొక్కి వెనక్కి వచ్చింది. రికార్డులు తెరుచుకున్నాయి.

చప్పట్లు మోగాయి. కాస్త ఆలస్యంగా.

తీగలక్క ఆలస్యం చేయలేదు. "అయ్యా, మొదటి పత్రం మా అమ్మాయికి ఇప్పించండి," అంది, మైకుకు అందేలా. కెమెరాల ముందు కాదనడం మంత్రిగారికి అలవాటు లేదు. పదకొండు గంటల నలభై నిమిషాలకు ఆ పిల్ల పుట్టింది. ఇంకా వెచ్చగా ఉన్న కాగితాన్ని తల్లి లాక్కుని కూతురి చేతిలో కుక్కి, "ఆటో ఎక్కు, ఇక్కడ నిలబడకు," అంది. ఆ పిల్ల వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

జనం పలచబడ్డాక డైరెక్టరుగారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్ను మూత విప్పి, మంత్రిగారి చెవి దగ్గర వంగారు.

"సార్, ఆ పాస్‌వర్డ్ ఒక్కసారి సెలవిస్తే..."

మంత్రిగారు మెల్లగా అక్షరం అక్షరం చెప్పారు. డైరెక్టరుగారు రాసుకున్నారు.

"రెండోదానికీ అదే," అన్నారు మంత్రిగారు.