నిమిషానికి అరవై మాటలు

పిల్లలకు చదువు చెప్పే భారమంతా బడి ఒక్కటే మోయడం అన్యాయమని మన కాలం గుర్తించింది. అందుచేత ఆ భారంలోంచి చదువు చెప్పడాన్ని తల్లిదండ్రులకు అప్పగించి, తనిఖీని బడి తన దగ్గరే ఉంచుకుంది. గుణదలలో ఉండే శ్రీదుర్గ ఇంటికి ఈ మహత్తర సంస్కరణ జులైలో ఒక సోమవారం వాట్సాప్‌లో వచ్చింది.

శ్రీదుర్గకు ఎనిమిదేళ్లు, చదివేది మూడో తరగతి. మాటల్లో దిట్ట, లెక్కల్లో గట్టిది. తెలుగు వాచకం తెరిస్తే మాత్రం ప, వ, ష ఒకదాని వేషం ఒకటి వేసుకుని ఎదురొచ్చేవి. 'పాలు' కాస్తా 'వాలు' అయ్యేది. ఒత్తు కనబడితే గొంతు ఆగిపోయేది. తండ్రి దుర్గాశంకర్ బట్టల షాపులో సేల్స్‌మన్. తల్లి చౌడేశ్వరి ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుడుతుంది. పిల్ల చదవడంలో వెనకబడిందనీ, ఇంటి దగ్గర చదివించాలనీ బడివాళ్లు పిలిచి చెప్పారు. ఎలా చదివించాలని చౌడేశ్వరి అడిగింది. అందుకు యాప్ ఉందన్నారు.

యాప్ పేరు 'గృహ పఠన ప్రగతి'. రోజూ ఇరవై నిమిషాలు చదివించి వీడియో తీయాలి. అందులో బిడ్డ నోరు, పుస్తకంలో పేజీ, తల్లి ముఖం, గోడ గడియారం నాలుగూ ఒకేసారి కనబడాలి. (గోడ గడియారం లేని ఇళ్లలో పిల్లలు చదవగలరని ఇంకా రుజువు కాలేదు.) తర్వాత పదకొండు గడుల ఫారం నింపాలి. చదివేటప్పుడు బిడ్డ ముఖంలో కనిపించిన ఆనందం ఎంత శాతమో ఏడో గడిలో రాయాలి. మొదటిరోజు చౌడేశ్వరి ఉన్నమాట రాసింది: సున్నా. సున్నా చెల్లదని యాప్ తిప్పి పంపింది. కనీస ఆనందం నలభై శాతమట.

దుర్గాశంకర్ పొద్దున్నే స్టూలెక్కి ఫోను పట్టుకునేవాడు. గడియారం వస్తే పేజీ పోయేది, పేజీ వస్తే చౌడేశ్వరి తల తెగిపోయేది. అన్నీ కుదిరి, ఫారం నిండి, వీడియో ఎక్కేసరికి గంట గడిచేది. ఇక పుస్తకం నిజంగా చదవడానికి టైముండేది కాదు. (ఈ పనికి ఫారంలో గడి లేదు కనుక లోపమేమీ నమోదు కాలేదు.)

నిమిషానికి అరవై మాటలు చదవాలని నియమం. శ్రీదుర్గ పద్దెనిమిది చదివింది. వరసగా నాలుగు వారాలు అలాగే ఉండటంతో 'పునాది బలోపేతం' కింద ఆమెను తెలుగు పీరియడ్‌లో ఒకటో తరగతి గదిలో కూర్చోబెట్టారు. ఆ చిన్న బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేవి. పక్కనున్న పిల్లలు ఆమెను టీచరనుకుని బాత్రూముకి పర్మిషన్ అడిగేవారు. నాలుగోరోజు నుంచి శ్రీదుర్గకు పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. టిఫిన్ బాక్సు నిండుగా తిరిగొచ్చేది.

షాపులో తోటి సేల్స్‌మన్ భానుచందర్ ఒక ఉపాయం చెప్పాడు. ఏదో ఒక పాఠం కంఠతా పట్టిస్తే సరి, తన కొడుక్కి అలాగే నూటపన్నెండు మాటలొచ్చి 'పఠన రత్న' బిరుదు కూడా వచ్చిందన్నాడు. శ్రీదుర్గ రెండ్రోజుల్లో ఆవు పాఠం బట్టీ పట్టింది. యాప్ తొంభై నాలుగు మాటలు లెక్కగట్టి, తెర నిండా నక్షత్రాలు కురిపించి, 'సమర్పించు' నొక్కమంది. నొక్కేముందు చౌడేశ్వరి వీడియో ఒకసారి చూసుకుంది. పిల్ల ఆవు గురించి గడగడా చెబుతోంది. చేతిలో ఉన్నది లెక్కల పుస్తకం.

"పంపించెయ్యి. రేపట్నించి దాని క్లాసులో అది కూర్చుంటది," అన్నాడు దుర్గాశంకర్.

"కూర్చుంటదండీ. కూర్చుని ఏం చదువుద్ది?"

ఆమె వీడియో తీసేసింది. శ్రీదుర్గ అది చూసింది.

"తప్పు చెప్పానా అమ్మా?"

"లేదమ్మా. ఒక్క తప్పు కూడా లేదు. అందుకే తీసేశాను."

ఆరోజు నుంచి చౌడేశ్వరి వీడియోలు పంపడం మానేసింది. దాంతో బడి నుంచి సర్క్యులర్లు రావడం మొదలైంది. వారానికి మూడు, ఒక్కోటి రెండేసి పేజీలు. ఆమె చేతులు చీర మీద ఉండేవి కనుక ఫోను పిల్లకిచ్చి అదేంటో చదవమనేది. అక్కడ గడియారం లేదు, స్టూలు లేదు. 'పై విషయమును పురస్కరించుకొని' అన్నదాన్ని శ్రీదుర్గ మొదట 'పై విషయమును పురుగు కరచుకొని' అని చదివింది. తల్లి పగలబడి నవ్వింది. శ్రీదుర్గ కూడా నవ్వి, ఏ పురుగో చూద్దామని మళ్లీ ఒక్కో అక్షరం పట్టుకుని చదివింది. పురుగు దొరకలేదు, మాట దొరికింది. దసరా సెలవులయ్యేసరికి 'తత్సంబంధిత', 'ఉల్లంఘన' లాంటివి ఆమె నెమ్మదిగానే అయినా పట్టుదలగా దాటేస్తోంది. కడుపునొప్పి ఆదివారాలు రావడం మానేసింది, బడి ఉన్న రోజుల్లోనే వచ్చేది. ప్రతి మాటకూ అర్థం అడిగేది. చౌడేశ్వరికి తెలిసినవి చెప్పేది, తెలియనివి తెలియదనేది.

పదిహేనో సర్క్యులర్‌తోపాటు గృహ పఠన పరిశీలకుడు వెంకటప్పయ్య గారే ఒక సాయంత్రం గన్నవరం నుంచి బండి మీద వచ్చారు. ముందు గోడ గడియారాన్ని పరిశీలించి, అది రెండు నిమిషాలు ముందుందని రాసుకున్నారు. పిల్ల చదువుతోందని చౌడేశ్వరి చెబితే, యాప్‌లో అలా లేదన్నారు. కావాలంటే చదివించి చూడమని ఆమె బతిమాలింది. ఆయన వాచకం తీసుకురాలేదు. చేతిలో ఉన్న సర్క్యులరే ఇచ్చారు.

శ్రీదుర్గ వేలు పెట్టుకుని చదివింది. ఒత్తుల దగ్గర ఆగింది, ఊపిరి తీసుకుంది, వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. రెండు పేజీలకూ పదిహేడు నిమిషాలు పట్టింది. ఎక్కడా ఊహించి చదవలేదు. చౌడేశ్వరి సూది గుచ్చకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. చివరి వాక్యం కూడా అయ్యాక పిల్ల కాగితం మొదటికి తిప్పి, వేలు పెట్టి చూపించింది.

"సార్, 'పఠనాసక్తి' అంటే ఏంటండీ?"

వెంకటప్పయ్య గారు కాగితం దగ్గరికి లాక్కుని ఆ మాట చూశారు. ఆ కాగితం మీద సంతకం ఆయనదే.

"అది హెడ్డింగమ్మా," అన్నారు.

రిపోర్టు నాలుగోరోజు ఫోనుకి వచ్చింది. చౌడేశ్వరి చేతిలో చీర ఉంది కనుక శ్రీదుర్గే గట్టిగా చదివి వినిపించింది. ఎక్కడా ఆగలేదు:

"బాలికకు చదువుట వచ్చును. అయితే చదివినదానికి అర్థము అడుగుచున్నది. ఈ అలవాటును తల్లిదండ్రులు ఇంటి వద్ద మాన్పించు వరకు ఒకటో తరగతి గదిలోనే కూర్చొనవలెను."