మూడడుగుల అద్దాల ఇంట్లో మూరెడు పురుగు

ప్రతి ఇంట్లో ఒక కొండచిలువ ఉండాలి! కుక్క చాలదు. పిల్లి అసలే చాలదు.

నవ్వకండి. మా ఇంట్లో ఉంది. మంచిర్యాల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మా అబ్బాయి కిషన్‌రావు బొంబాయి నుంచి తెచ్చాడు. ఆఫ్రికా జాతి. బాల్ పైథాన్ అంటారట, భయపడితే బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి. ఇంకా పిల్ల. మూరెడు పొడవు. విషం లేదు, పొగరు లేదు.

దానికి ఇల్లు అమర్చడం చూశాకే నాకు జ్ఞానం కలిగింది. మూడడుగుల అద్దాల పెట్టె. పైన జాలీ మూత, మూతకు గొళ్లెం. ఒక పక్క వెచ్చదనానికి బల్బు. రెండో పక్క చల్లగా, వేడెక్కితే జరగడానికి. నడుమ నీళ్ల గిన్నె. రెండు పక్కలా రెండు థర్మామీటర్లు! నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు లక్సెట్టిపేట మొత్తం తిరిగినా ఒక్కటి దొరకలేదు.

కరెంటు పోతే సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి పెట్టాలి. మన కరెంటు సంగతి మీకు తెలియనిదా? నీళ్లు కాచే ఉద్యోగం నాది.

కింద పత్రిక పరిచాడు. నా వ్యాసం ఉన్న పేజీయే! ఇన్నేళ్లలో నా రాత మీద రోజంతా కదలకుండా పడుకున్న పాఠకుడు ఇదొక్కటే.

ఇంత చేసినా అది తినలేదు. మూడు వారాలు! ఎలుకపిల్లను పెడితే తల తిప్పుకుంది. కొడుకు కూడా సగం అన్నంలో లేవడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే బతకదన్నాడు.

మా వైపు పొద్దుగూకితే పాము పేరెత్తరు. పురుగు అంటారు. ఆ సాయంత్రం పక్కచేను ముత్తయ్య కనబడితే నేనూ అలాగే అన్నాను: "ఇంట్ల పురుగుతోని పరేషాన్ అయితుంది ముత్తయ్యా."

అతనిది పత్తి చేను. వీపున స్ప్రే పంపు, చేతిలో మందు డబ్బాతో వచ్చేశాడు.

"ఏం పురుగు పటేలా? పచ్చదా?"

"మచ్చలది."

"ఎంతున్నది?"

"మూరెడు."

"మూరెడా! గది పత్తిని తింటదా, నన్ను తింటదా?"

"ఏం తింటలేదు. గదే ఫికర్."

"తింటలేదా? గంత మంచి పురుగు నా చేన్ల వడకపాయె!"

లోపలికి తీసుకెళ్లి చూపించాను. పంపు దించి, రెండడుగులు వెనక్కి వేసి, అక్కడి నుంచే తీర్పు చెప్పాడు.

"జర సోయి ఉండాలె గద! నలుదిక్కుల అద్దాలు, వచ్చినోడల్ల తొంగిచూసుడు. కొత్తకోడలు లెక్క బెదిరింది. తల దాసుకునే జాగ ఏది?"

కిషన్‌రావు నుదురు కొట్టుకున్నాడు. పాముల పెంపకం పుస్తకంలోనూ ఆ మాట ఉండే ఉంటుందట. బొంబాయి మిత్రుడు తీసి ఇచ్చిన జిరాక్సులో ఆ పేజీ రాలేదట!

పెట్టెకు మూడు వైపులా అట్ట కట్టాము. వంటింట్లో పగిలిన ఉప్పుకుండ ఒకటుంటే లోపల బోర్లించాము. వెంటనే దూరింది. నాలుగో రోజున, "బాపూ, తిన్నది!" అని వాడకట్టంతా వినబడేలా అరిచాడు కొడుకు.

ఆ ఉప్పుకుండ మా ఆవిడది.

పదహారేళ్లప్పుడు, పదకొండు మంది ఉన్న మా ఇంటికి వచ్చింది. నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. వడ్ల గుమ్మి వెనక నక్కి కూర్చునేది. మా అవ్వ "పొగరు" అన్నది. నేను చెయ్యి పట్టి లాక్కొచ్చి, చూడవచ్చిన వాళ్ల నడుమ కూర్చోబెట్టాను. తర్వాత నలభై ఏళ్లు ఆమె గోడవైపు తిరిగే తిన్నది. ఎందుకని నేను అడగలేదు. పోయి మూడేళ్లయింది.

కాబట్టి పాఠకులారా, ప్రతి ఇంట్లో ఒక కొండచిలువ ఉండాలి. నా సలహా ఒక్కటే.

పెళ్లికి ముందే తెచ్చుకోండి.