మేజరుగారి దోమతెర

ఆ ఉదయం మేజరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సాయంత్రం ఆఫీసు కట్టేసేదాకా ఆకాశంలో ఏమీ జరక్కుండా ఉంటే, పెళ్ళాంతో కలిసి రైలెక్కెయ్యడం. అంతే.

ఆకాశంలో ఏం జరిగితే ఆయనకెందుకు అంటారేమో, ఆయన ఉద్యోగమే అది. సైనిక శిబిరానికి ఓ మూల, వంటశాల వెనకాల ఒక గది ఉంది. దాని తలుపు మీద 'గుర్తు తెలియని ఎగిరే వస్తువుల విచారణ విభాగం' అని బోర్డు. ఊళ్ళో ఎవరికైనా ఆకాశంలో వింతగా ఏదైనా కనబడితే ఆ గదికి ఫోను చేయాలి. మేజరు వెళ్ళి అదేమిటో తేల్చాలి. గాలిపటం, శుక్రగ్రహం, కొంగల బారు, ఎవరింటి నుంచో ఎగిరొచ్చిన ప్లాస్టిక్ సంచి ఇలా దేన్నయినా భోజనానికి లేచేలోపు తేల్చేసేవాడు. కళ్ళింతలు చేసుకుని చెప్పినవాళ్ళ ముందు "అది కొంగండీ" అని చెప్పి వచ్చేటప్పుడు ఆయనకూ మనసు చివుక్కుమనేది. కానీ కొంగను కొంగ అనక ఏమంటాడు?

ఆయన అలా తేల్చి తేల్చి చివరికి విభాగానికే పని లేకుండా చేశాడు. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఈ సాయంత్రానికి తేలని కేసు ఒక్కటి కూడా లేకపోతే విభాగం ఎత్తేస్తారు, మేజరును ఆయన భార్య ఉండే ఊరికి బదిలీ చేస్తారు. ఆవిడ అక్కడ బళ్ళో పంతులమ్మ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈయన ఇక్కడ, ఆవిడ అక్కడ. సెలవు దొరికితే కలుసుకోవడం, కలుసుకున్న మర్నాటి నుంచే సెలవు అయిపోతోందని బెంగపెట్టుకోవడం, ఇదీ వాళ్ళ కాపురం. ఉత్తర్వు చూసిన రోజు మేజరుకు నెత్తిన పాలు పోసినట్టయింది.

సామాను సర్దడానికి ముందురోజే వచ్చిన పంతులమ్మకు ట్రంకుపెట్టె అడుగున ఒక దోమతెర దొరికింది. డబుల్ మంచానికి సరిపోయేది, తెల్లటిది, పెళ్ళికి కొన్నది. క్వార్టర్సులో మేజరుకు ఒంటిమంచమే ఇవ్వడంతో అది మడత విప్పకుండా అలాగే ఉండిపోయింది. ఆవిడ దాన్ని పొద్దున్నే ఉతికి, పిండి, బకెట్టుతో సహా భర్త చేతికిచ్చింది.

"ఏమండీ, ఇది డాబా మీద ఆరేయండి. నాలుగు మూలలా క్లిప్పులు పెట్టడం మాత్రం మర్చిపోకండి."

"ఇవాళ గాలి లేదోయ్," అన్నాడు మేజరు.

"లేదని మీకెలా తెలుసు?"

"బాగుంది! ఆకాశం సంగతి నాకు చెబుతున్నావా? జీతం ఇస్తున్నదే అందుకు."

ఆకాశం సంగతి తెలిసినవాడు కనుక క్లిప్పులు పెట్టకుండా తీగ మీద దోమతెర పరిచి, యూనిఫాం వేసుకుని, ఈల వేసుకుంటూ ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

కాసేపటికి పంతులమ్మ డాబా ఎక్కింది. అప్పుడే గాలి మొదలైంది. దోమతెర ముందు కొద్దిగా ఉబ్బింది. నిద్రలో ఉన్నవాళ్ళు ఒత్తిగిలినట్టు ఒకసారి అటూ ఇటూ కదిలి, నెమ్మదిగా తీగను వదిలిపెట్టింది. పైకి లేస్తూ లేస్తూ నాలుగు గోడలూ ఒక కప్పూ విప్పుకుని, ఇద్దరు పట్టే చిన్న గదిలా గాల్లో నిలబడింది. నాలుగు మూలల తాళ్ళూ కిందికి వేలాడుతున్నాయి. పక్కింటి నీళ్ళట్యాంకు మీదుగా, ఎండలో మెరుస్తూ, ఏ తొందరా లేకుండా వెళ్ళిపోతోంది. ఆవిడకు అది ఎంత అందంగా కనిపించిందంటే, అది తమ దోమతెరేనన్న సంగతి వీధి దాటాక గానీ గుర్తు రాలేదు.

ఆఫీసులో మేజరు కింద పనిచేసే హవల్దారు ఉన్నాడు. మెడలో ఎప్పుడూ దుర్భిణి వేలాడుతుంటుంది కనుక అందరూ అతన్ని దుర్భిణి అనే పిలుస్తారు. నిజంగా వింతైనది ఒక్కటంటే ఒక్కటి చూడాలని ఈ విభాగంలో చేరి, ఇన్నాళ్ళూ కొంగల్ని చూస్తూ గడిపినవాడు. బీరువా ఖాళీ చేస్తూ దిగాలుగా కూర్చున్న మనిషి ఫోను ఎత్తగానే లేచి నిలబడ్డాడు.

"సార్! కేసు సార్!"

"ఇవాళ కేసులేమిటయ్యా? ఏం కేసు?"

"పెద్దబజారులో సెలూన్ ఆయన ఫోను చేశాడు. గడ్డం గీయించుకోడానికి వెనక్కి వాలిన కస్టమరుకు, తలుపు పైన అద్దాల కిటికీలోంచి కనిపించిందట. తెల్లగా, పలచగా, డబ్బాలా ఉందట. కింద నాలుగు కాళ్ళు వేలాడుతున్నాయట. లోపల ఎవరూ లేరట సార్!"

మేజరు కిటికీలోంచి తన క్వార్టర్సు డాబా వైపు తొంగిచూశాడు. ఆయన నోరు తెరిచేలోపు ఫోను మళ్ళీ మోగింది. ఈసారి భార్య.

"ఏమండీ, దోమతెర ఎగిరిపోయిందండీ!"

"గట్టిగా అనకు," అని గొణిగి పెట్టేశాడు మేజరు.

ఉన్న మాట చెప్పేస్తే పోయేదిగా అనిపిస్తుంది. కానీ విభాగానికి ఒక నియమం ఉంది. ఎగిరిన వస్తువు విచారణాధికారి సొంత ఇంటిదైతే ఆ కేసు ఆయన మూయకూడదు, పైకి పంపాలి. పైకి పంపినవి ఏళ్ళు గడిస్తే గానీ కిందికి దిగవు. ఈలోగా కేసు తేలనట్టే లెక్క. తేలకపోతే విభాగం ఉంటుంది, బదిలీ ఉండదు.

"కొంగలు అని తేల్చెయ్," అన్నాడు మేజరు, గోడవైపు తిరిగి.

"కొంగలకు తాళ్ళుంటాయా సార్?"

"తాళ్ళని ఎవరన్నారు? కాళ్ళన్నావుగా ఇందాక!"

"రెండోసారి చూస్తే తాళ్ళలా ఉన్నాయట సార్."

"అయితే వాతావరణం వాళ్ళ బెలూను. ఇక మాట్లాడకు."

మేజరు చెయ్యి అడ్డుపెట్టేలోపు దుర్భిణి వాతావరణం ఆఫీసుకు ఫోను చేయనే చేశాడు. విని, మెరిసే కళ్ళతో ఫోను పెట్టాడు. "ఇవాళ వాళ్ళు బెలూను వదల్లేదట సార్. మనం అడిగేసరికి కంగారుపడి కల్నల్ గారికి చెప్పారట. ఆయన జీపులో బయల్దేరిపోయారట సార్!"

కల్నల్ వచ్చేలోపు దీన్ని ఎలాగైనా కొంగ చెయ్యాలనుకున్నాడు మేజరు. ఇద్దరూ పెద్దబజారుకు పరుగెత్తారు. అక్కడ ఇంకో పద్ధతి అడ్డొచ్చింది. వింతను చూసిన మనిషి ఎక్కడ ఎలా ఉండి చూశాడో, విచారణాధికారి కూడా అక్కడ అలాగే ఉండి ఆకాశం చూడాలి. కనుక మేజరు సెలూన్ కుర్చీలో కూర్చుని వెనక్కి వాలాడు. కుర్చీలో మనిషి వాలితే సెలూన్ ఆయన చేతులు ఊరుకోవు. గుడ్డ కప్పి, చెంపలకు నురగ పూసేశాడు. మేజరు కిటికీలోంచి పైకి చూస్తున్నాడు. దుర్భిణి నడివీధిలో నిలబడి పైకి చూస్తున్నాడు. నడివీధిలో సైనికుడు పైకి చూస్తుంటే ఎవరు మాత్రం కింద చూస్తారు? మందుల షాపాయన బయటికొచ్చి తలెత్తాడు. దర్జీ తలెత్తాడు. రిక్షాలు ఆగాయి. క్షణాల్లో వీధంతా మెడలు వెనక్కి వంచి నిలబడింది.

"వెండిలా ఉంది," అన్నాడు మందుల షాపాయన.

"వెండి కాదు, నైలాన్ నేత," అన్నాడు దర్జీ. ఈ మాట విని మేజరు కుర్చీలోంచి లేవబోయాడు. అదృష్టం, దర్జీ మాట ఎవరూ పట్టించుకోలేదు.

సంచీతో అరుగు మీద కూర్చున్న ఒక ముసలావిడ మాత్రం చెయ్యి కళ్ళకు అడ్డంపెట్టుకుని చాలాసేపు చూసింది. "అది ఇల్లు నాయనా," అంది. "లోపల ఉండాల్సిన ఇద్దరూ ఇంకా రాలేదు."

మేజరు సగం నురగతో బయటికొచ్చాడు. దోమతెర గాలికి తిరిగి సరిగ్గా బజారు మీదికి వచ్చింది. దాని నీడ ఒక్కొక్కరి ముఖం మీదుగా, పలచటి చెయ్యి నిమిరినట్టు, జారిపోయింది. కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతున్నా కట్టేవాళ్ళు లేరు. కొంగ అని కేక పెట్టడానికి వచ్చిన మేజరు ఆ మాటే మర్చిపోయాడు. ఇన్నేళ్ళ నుంచీ జనం తనకు ఫోనులో చెప్పడానికి తడుముకున్నది ఇదేనేమో అనిపించి, ఆయనకు కళ్ళు చెమర్చాయి.

"మేజర్! ముఖానికి ఆ నురగేమిటి?"

కల్నల్! జీపు ఎప్పుడొచ్చి ఆగిందో ఎవరూ చూడలేదు. సెల్యూట్ కొట్టబోతే మేజరు చెయ్యి నురగలో జారింది. కల్నల్ అదేమీ పట్టించుకోలేదు. ఆయన కూడా తలెత్తాడు, అలాగే ఉండిపోయాడు. నెత్తి మీద టోపీ వెనక్కి పడిపోతే హవల్దారు దాన్ని తీసి పట్టుకున్నాడు.

అప్పుడే గుప్పెట్లో క్లిప్పులతో పంతులమ్మ పరుగెత్తుకొచ్చింది. నిజం చెబితే కేసు అక్కడితో తేలిపోతుందని పాపం ఆవిడ నమ్మకం.

"అయ్యా, అది మా దోమతెరండీ! క్లిప్పులు పెట్టమంటే ఈయన వినలేదు. ఇందులో వింతేమీ లేదు. కేసు మూసెయ్యండి!"

కల్నల్ చూపు కిందికి దించకుండానే అడిగాడు.

"మీదే అనడానికి ఆధారమేమిటమ్మా?"

"మా పెళ్ళికి కొన్నదండీ."

"నేను చాలా పెళ్ళిళ్ళు చూశాను తల్లీ. ఆ దంపతుల దోమతెరలేవీ ఇలా ఎగరలేదు."

"నా కళ్ళముందే డాబా మీంచి లేచిందండీ! నేను ఒక్కదాన్నే చూశాను."

"కావచ్చు. కానీ వస్తువు చేతికి దొరకాలి, కొలవాలి, పోల్చాలి. అప్పుడే అది మీది. అంతవరకూ అది ఎవరిదీ కాదు. ఇదీ మన పద్ధతి. అంతేనా మేజర్?"

"అంతే సార్," అన్నాడు మేజరు నీరసంగా. ఆ పద్ధతి రాసి పంపింది ఆయనే.

ఎవరిదీ కాని ఆ దోమతెర ఊరి చివరి కొండ దాకా తేలుతూ వెళ్ళి, శిఖరం మీద ఒక్క క్షణం ఆగి, అవతలి వైపుకు దిగిపోయింది. వీధంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది.

"కేసు తేలలేదు," అన్నాడు కల్నల్ టోపీ పెట్టుకుంటూ. ఆయన గొంతులో సంతోషం దాగడంలేదు. "విభాగం ఉంటుంది. మేజర్ ఇక్కడే ఉంటాడు. బదిలీ రద్దు." దుర్భిణి ఆనందం పట్టలేక సెలూన్ ఆయన్ని కావలించుకున్నాడు.

పంతులమ్మ చేతిలోని క్లిప్పులు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి. అందరి ముందూ ఏడవకూడదని చాలా ప్రయత్నించింది, కుదరలేదు. "అయితే సాయంత్రం రైలు నేనొక్కదాన్నే ఎక్కాలన్నమాట," అంది భర్తతో. మేజరు జేబురుమాలు తీశాడు. ఆమె కళ్ళు తుడవబోయి, ఏం చేస్తున్నాడో తెలియక తన ముఖం మీది నురగ తుడుచుకున్నాడు. ఆయనకూ ఏడుపు వస్తోంది.

కల్నల్ కనుబొమలు ముడిపడ్డాయి. "రైలేమిటి? ఎక్కడికమ్మా?"

"మా ఊరికండీ. బడి ఉంది."

"భలేదానివే! వస్తువు లేవడం చూసింది లోకంలో నువ్వొక్కదానివే. ముఖ్యసాక్షి విచారణ పూర్తయ్యేదాకా ఊరు కదలడానికి వీల్లేదు. బడికి నేను రాస్తాను, జీతంతో సెలవు ఇస్తారు. శిబిరం లోపలే బస. మేజర్, నీ క్వార్టర్సులో చోటుందా?"

"ఒంటిమంచం సార్," అన్నాడు మేజరు.

"మార్పించు. సాక్షికి ఇబ్బంది కలగకూడదు." కల్నల్ జీపెక్కుతూ గట్టిగా వేలు చూపించాడు. "ఈ కేసు నీ చేతుల్లో పెడుతున్నాను. నీకున్న తొందర నాకు తెలుసు. దీన్ని మాత్రం భోజనానికి ముందు తేల్చేయకు!"

ఆ వారంలోనే డబుల్ మంచం వచ్చింది. పంతులమ్మ శిబిరం పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు కొండ అవతల మేకలు కాసే ఒకాయన ఫోను చేసి, చెట్టు మీద తెల్లగా ఏదో వేలాడుతోందన్నాడు. దుర్భిణి బూట్లు తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు.

"వెళ్ళి తెద్దామా సార్?"

మేజరు కిటికీలోంచి క్వార్టర్సు వైపు చూశాడు. డాబా మీద పంతులమ్మ తల ఆరబెట్టుకుంటూ ఏదో పాడుకుంటోంది.

"చెట్టు మీద వేలాడేది ఎగిరే వస్తువు ఎలా అవుతుందయ్యా?" అన్నాడు మేజరు. "మన పరిధిలోకి రాదు. మన పని ఆకాశం వరకే."

దుర్భిణి ఒక్క నిమిషం ఆలోచించి, బూట్లు విప్పేశాడు. ఆ ఏడాది చివర, కేసును ఎక్కడా తొందరపడకుండా, అత్యంత శ్రద్ధతో, ఓపికతో విచారిస్తున్నందుకు మేజరుకు ప్రశంసాపత్రం వచ్చింది.