దూడతో చెప్పిన మాట

మనిషి నూటనలభై ఏండ్లు బతకొచ్చని భువనగిరి చాయ్ దుకాణంలో పేపర్ బుచ్చయ్య గట్టిగా చదివిన రోజున, అందరికీ మునిమనవలు గుర్తొచ్చారు. నాకు నా మంచం గుర్తొచ్చింది.

ఆ మంచం మీద మా అత్త గోవిందమ్మ పడుకుంటుంది. రజాకార్ల భయానికి హుజూర్‌నగర్ నుంచి నాలుగు రోజులుండి పోదామని వచ్చింది. రజాకార్లు పోయారు. నిజాం రాజ్యమే పోయింది. అత్త పోలేదు. నేను కొట్టంలో దూడ పక్కన పడుకుంటున్నాను. అది నా కంబళి నములుతుంది.

పేగుల్లోని పురుగులే ముసలితనం తెస్తాయట. పుల్లటి పెరుగు వాటిని చంపుతుందట. ఎవరో దొర కనిపెట్టాడు. పక్కా అన్నాడు బుచ్చయ్య.

నేనో ఎత్తు వేశాను. పుల్లపెరుగంతా నేనే తాగాలి. అత్తకు చుక్క దక్కకూడదు. ఎప్పటికైనా మంచం నాదే.

"ఏమే, మీ అమ్మకు దగ్గున్నది. పాలు పొయ్యి. ఆ పులిసింది నాకియ్యి," అన్నాను.

మా ఆవిడ లీలమ్మ నన్ను సంతలో ఎద్దును చూసినట్లు చూసింది.

"పాలు మా అమ్మకా? పులిసింది నీకా? జరమొచ్చిందా?"

"ప్రేమనే."

"జరమే," అని నుదురు పట్టి చూసింది.

తాగుతున్నకొద్దీ గందరగోళం పెరిగింది. నేను ఎక్కువ బతకాలనుకుంటున్నానా, ఆమె తక్కువ బతకాలనుకుంటున్నానా? ఛీ అనుకున్నాను. ఛీ అన్నవాడొకడు, పెరుగు తాగేవాడొకడు, ఇద్దరూ నేనే. ఇంతమందికి కొట్టం చాలదు.

అందరూ నూటనలభై బతికితే ప్రతి ఇంట్లో అత్త, ఆమెకో అత్త, ఆ అత్తకో అత్త. అల్లుళ్లందరూ కొట్టాల్లో ఉంటే దూడలనెక్కడ కట్టాలి? ఎర్రజెండా సంగపోళ్లు భూములు పంచారు గాని మంచాల సంగతి ఎత్తలేదు.

మా వైపు అత్త అల్లుడితో మాట్లాడదు. ఏమున్నా మధ్యలో లీలమ్మ చెప్పాలి. "తొవ్వలు బాగైనయంట, ఎప్పుడు పోతదో మీ అమ్మనడుగు," అంటాను. లోపలికి పోయి వచ్చి, "ఇంకొన్నాళ్లుంటదంట," అంటుంది.

ఒకరోజు లీలమ్మ నీళ్లకు పోయినప్పుడు అత్త కొట్టం తడిక చాటుకు వచ్చింది. అల్లుడితో మాట్లాడరాదు కనుక దూడతో మాట్లాడింది.

"ఓ దూడా, మీ అయ్యకు చెప్పు. మిలిటరీ వచ్చిన్నాడే నేను మూట కట్టుకున్న. పోతనన్నప్పుడల్ల, అల్లుడు వద్దని బతిమాలుతున్నడని బిడ్డ చెప్పవట్టె. నమ్మలే. గిప్పుడు కండ్లార చూసిన. పాలు నాకు పోసి పులిసింది తాను తాగవట్టె. గసొంటి కొడుకును ఇడిసి యాడికి పోత? బతికినన్నాళ్లు గీడనే ఉంట."

నిజం చెప్పేస్తే మంచం వస్తుంది. కాని నన్ను కొడుకని ఎవరైనా అని చాలా ఏళ్లయింది.

"అత్తమ్మకు చెప్పవే దూడా..." అన్నాను. ఏం చెప్పాలో దూడకూ తెలియలేదు.

బిందెతో లీలమ్మ వచ్చింది. అత్త లోపలికి తప్పుకుంది.

"దూడతోని ఏం ముచ్చట?"

"మీ అమ్మ పోతనంటున్నదంట గద. నాకెందుకు చెప్పలే?"

"ఆమె పోతే ఇసుర్రాయి నువ్వు తిప్పుతవా?"

నేను ఇసుర్రాయిని చూశాను. అది కూడా చాలా ఏళ్లు బతికేటట్టే ఉంది.

లీలమ్మ పుల్లపెరుగు ముంత తెచ్చి నా ముందు పెట్టింది.

"తాగు. ఈ పెరుగు సంగతి బుచ్చయ్య పెండ్లాం నాకు మొదటి రోజే చెప్పింది. నువ్వు నూటనలభై ఏండ్లు బతకాలె. మా అమ్మకు పాలు పిండేటోడుండాలె గద."

తాగాను. దూడను కొంచెం పక్కకు జరిపి, ఇంకో వందేళ్లకు జాగా సర్దుకున్నాను.