సోనామసూరి బస్తాల మీద స్వింగు

సోమవారం ఉదయం లక్ష్మీపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం పదకొండు గంటల దాకా తన మీద ఎవరూ కాగితం రాయకుండా చూసుకోవడం. అంతే.

ఢిల్లీ ద్వారకలో ఆయన ఉంటున్న మైత్రీ విహార్ సొసైటీలోనే, సి బ్లాకు కింద, ఆయనకొక కిరాణా దుకాణం ఉంది. సోనామసూరి బియ్యం, గుంటూరు కారం, గోంగూర పచ్చడి, ఇంగువ. చుట్టుపక్కల నాలుగు సెక్టార్ల తెలుగువాళ్లు వీటి కోసం అక్కడికే రావాలి. ఆ దుకాణానికి సొసైటీ ఏటేటా అనుమతి ఇవ్వాలి. ఈ ఏటి అనుమతి తేల్చే కమిటీ ఆదివారం పదకొండింటికి. ఏడాదిలో మూడు రాతపూర్వక ఫిర్యాదులు పడితే అనుమతి రద్దు. ఈ ఏడు అప్పుడే రెండు పడ్డాయి. కారం పట్టించిన రోజు మూడో అంతస్తు దాకా తుమ్ములు పాకాయని ఒకటి, బియ్యం లారీ గేటుకు అడ్డంగా నిలబడిందని ఒకటి. మూడోది పడితే ఏడేళ్ల దుకాణానికి షట్టరు దించుకోవలసిందే.

ప్రెసిడెంటు సదాశివరావు కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీగా రిటైరైన మనిషి. తెలుగువాడే కదా అని లక్ష్మీపతి ఒకసారి ఆవకాయ జాడీ పంపితే, ముట్టినట్టు రసీదు రాసి, రసీదుతో పాటు జాడీని కూడా తిప్పి పంపాడు. అలాంటివాడి దగ్గర బేరం నడవదు.

"ఆరు రోజులు కుమారీ. తలొంచుకుని గడిపేస్తే మనం గట్టెక్కినట్టే" అని భార్య కృష్ణకుమారికి చెప్పి లక్ష్మీపతి స్టేషనుకు బయల్దేరాడు. ఆమె తండ్రి వీరరాఘవులు ఆ పొద్దున్నే జీటీ ఎక్స్‌ప్రెస్‌లో దిగుతున్నాడు. డెబ్బై నాలుగేళ్ల పెద్దమనిషి, పప్పూ మజ్జిగా తప్ప ఏదీ అడగడు, వారం ఉండి వెళ్లిపోతాడు. లక్ష్మీపతి తక్కెడలో మామగారు ఏ వైపూ మొగ్గని సరుకు.

రైలు దిగిన ఆ సరుకు చేతిలో గుడ్డసంచి ఒకటి, నల్లటి పొడుగాటి పెట్టె ఒకటి ఉన్నాయి.

"పెట్టెలో ఏముంది మామగారూ?"

"శాక్సోఫోను. రైల్వే క్లబ్బు మూతబడినప్పుడు కట్టిపెట్టినా. నిరుడు దులిపి ఊదితే మళ్లీ పలికింది. అక్కడ పక్కింటోళ్లు ఊదనీలా. ఢిల్లీ పెద్ద ఊరు గదా, ఎవరు పట్టించుకుంటారని తెచ్చినా."

ఆటోలో ఇల్లు చేరేలోపు లక్ష్మీపతికి మిగతా కథంతా తెలిసింది. మామగారు బిట్రగుంట రైల్వే కాలనీలో గార్డుగా చేరిన రోజుల్లో అక్కడ ఇంజన్లు నడిపే ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు శనివారం శనివారం డాన్సులు పెట్టేవారట. వాటికి స్వింగు అనే సంగీతం. అమెరికాలో పుట్టి, యుద్ధం రోజుల్లో గ్రామఫోను రికార్డులెక్కి బిట్రగుంట దాకా వచ్చిందట. పదహారు కుర్చీల బ్యాండు. ముందు వరసలో శాక్సోఫోన్లు, వెనక ఎత్తు మీద ట్రాంబోన్లు, ఇంకా ఎత్తు మీద ట్రంపెట్లు, పక్కన డ్రమ్ములు. ఒక డ్రైవరు ఆస్ట్రేలియా వెళ్లిపోతూ తన వాద్యాన్ని శిష్యుడి చేతిలో పెట్టిపోయాడు. ఆ శిష్యుడు ఇప్పుడు లక్ష్మీపతి పక్కన కూర్చుని, ఆటో మలుపు తిరిగినప్పుడల్లా పెట్టెను చంటిపిల్లలా పట్టుకుంటున్నాడు.

"ఊదితే ఎంత దూరం వినబడుతుంది?" అని అడిగాడు లక్ష్మీపతి.

"గాలి బాగుంటే కావలి దాకా."

సాయంత్రం అయిదింటికి లక్ష్మీపతి దుకాణంలో కందిపప్పు తూస్తుండగా సి బ్లాకు మొత్తం ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టయింది. పప్పు అలాగే వదిలేసి మెట్లెక్కాడు. ఆయనకంటే ముందే కింది అంతస్తు బక్షీ, చేతిలో కాగితంతో పైకి ఎక్కుతూ కనబడ్డాడు. బక్షీ ఎయిర్ ఫోర్సులో రిటైరయ్యాడు. లారీ మీద ఫిర్యాదు రాసింది ఆయనే. లక్ష్మీపతి పది నిమిషాలు మెట్ల మీదే నిలబడి, ఏం చెప్పి బతిమాలాలో కూడబలుక్కుని లోపలికి వెళ్లాడు.

బక్షీ సోఫాలో కూర్చుని కళ్లు మూసుకుని పెసరట్టు తింటున్నాడు. చెప్పులోంచి జారిన పాదం నేలను తడుతోంది. 'ప్రెసిడెంటుగారికి' అని మొదలుపెట్టిన కాగితాన్ని బోర్లా తిప్పి, వెనక వైపు వీరరాఘవులు పెన్సిలుతో ఏవో స్వరాలు గీస్తున్నాడు.

"లక్ష్మీపతి జీ, నేను ఎయిర్ ఫోర్స్ బ్యాండులో ఇరవై రెండేళ్లు ట్రంపెట్ ఊదాను" అన్నాడు బక్షీ హిందీలో. "పెరేడ్లకి, జెండాలకి. ఈ స్వింగు ఊదుకోవడానికి మాత్రం మెస్సులో చీకటి పడాల్సి వచ్చేది. రేపు తెస్తాను."

ఊరికే వచ్చే సరుకు లోకంలో లేదని లక్ష్మీపతి నమ్మకం. ఇంకొకడి రొద కోసం ఎవడూ పనిమాలా మెట్లెక్కి రాడు, పెసరట్టు కోసమే వస్తాడు. అంచేత మంగళవారం ఇంట్లో హుకుం జారీ చేశాడు. వచ్చినవాళ్లకి మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దు, రెండు రోజుల్లో వాళ్లే తగ్గుతారు. కృష్ణకుమారి సరేనంది. ఆ సాయంత్రం బక్షీ ట్రంపెట్‌తో పాటు పరాఠాల డబ్బా తెచ్చుకున్నాడు. పోలీసు బ్యాండులో క్లారినెట్ వాయించిన ఇంకో రిటైరైన ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన సమోసాలు తెచ్చాడు.

పెసరట్టు సిద్ధాంతం పోయింది. బుధవారం లక్ష్మీపతి రెండో ఎత్తు వేశాడు. ఎవరైనా కాగితం రాయకముందే మనమే క్షమాపణ చెప్పుకుంటే పోతుందని, దుకాణంలో బోర్డులు రాసే అలవాటు కొద్దీ, మూడు బ్లాకుల లిఫ్టుల్లోనూ పెద్ద పెద్ద అక్షరాలతో కాగితాలు అంటించాడు. 'సి-204లో శాక్సోఫోన్. సాయంత్రం 5 నుంచి 6 వరకు. ఆరు రోజులు మాత్రమే. దయచేసి సర్దుకోగలరు.'

కూతురు దీపు లిఫ్టులో అది చదివి వచ్చి, "పాపా, యే తో సేల్ కా పోస్టర్ హై" అంది, ఇది తగ్గింపు ధరల ప్రకటనలా ఉందని. లక్ష్మీపతి విసుక్కున్నాడు. ఈ దుకాణం పెట్టకముందు నుంచీ, ఇరవై ఏళ్లుగా 'మూడు రోజులు మాత్రమే' అని రాసి పాత చింతపండంతా అమ్మేసిన మనిషి, అదే మాట తన నెత్తికి ఎలా చుట్టుకుంటుందో ఆలోచించలేకపోయాడు.

గురువారానికి పదకొండు మంది. నోయిడాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ, కాలేజీ రోజుల ట్రాంబోన్‌ను అటక మీద పారేసిన సుహాస్ అనే కుర్రాడు ఆఫీసు క్యాబు దిగి నేరుగా వచ్చాడు. కాన్వెంటులో పియానో నేర్పే టీచరు ఒకామె కీబోర్డు మోసుకొచ్చింది. ఉత్తమ్ నగర్‌లో పెళ్లి బ్యాండు నడిపే మాస్టరు, ముహూర్తాలు లేని వారం కదా అని, తన మనుషులు నలుగురితో బ్యాండు ఎర్రకోట్లు తొడుక్కునే దిగాడు. బారాత్ ఊరేగింపుల్లో ఊదీ ఊదీ పెదాలు కాయలు కాశాయనీ, ఇన్నాళ్లకు ఊదదగ్గది ఊదుతున్నాననీ వీరరాఘవులు చేతులు పట్టుకున్నాడు. అతనికి తెలుగు రాదు, ఈయనకి హిందీ రాదు. అయినా ఒకరి మాట ఒకరికి అర్థమవుతున్నట్టే తలలూపుకున్నారు.

హాల్లో నిలబడే చోటు లేక కృష్ణకుమారి వంటింటి గుమ్మంలోంచి చేతులు మారుతూ వచ్చిన కూరగాయల బుట్టను అందుకుంటోంది. పైగా ఆమె మొహంలో విసుగు లేదు. అది లక్ష్మీపతిని అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది.

"నీకేం అనిపించడం లేదా?"

"అనిపిస్తోందండీ. చిన్నప్పుడు శనివారం రాత్రుళ్లు నాన్న క్లబ్బుకెళ్తే అమ్మ కిటికీ తీసి పడుకునేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

ఇక మిగిలింది ఒక్కటే. శబ్దాన్ని ఆపలేనప్పుడు దాచాలి. దుకాణం వెనక గోదాములో నూట నలభై బస్తాల బియ్యం ఉంది, బస్తాను మించిన గోడ లేదని శుక్రవారం అందరినీ అక్కడికి తోలాడు. ఆ లెక్క నిజమే. శబ్దం బయటికి సగమే వచ్చింది. కాని వీరరాఘవులు గోదాము చుట్టూ ఒకసారి చూసి, పెళ్లి బ్యాండు మనుషుల చేత గంటసేపు బస్తాలు మోయించాడు. పది కిలోల సంచులు ముందు వరస, పాతిక కిలోలవి వెనక వరస, యాభై కిలోల బస్తాలు రెండేసి పేర్చి చివరి వరస. బిట్రగుంట క్లబ్బులో ఉన్నట్టే వేదిక మెట్లు మెట్లుగా లేచింది. పైమెట్టు మీద బక్షీ రాజులా కూర్చున్నాడు.

శనివారం ఒకావిడ సోనామసూరి పాతిక కిలోలడిగితే, ట్రాంబోన్ వాయించేవాళ్లు పాట పూర్తిచేసి లేచేదాకా ఆగాల్సి వచ్చింది. ఆవిడ ఆగింది. ఆగడమే కాదు, కూర్చుంది కూడా.

అయినా వీరరాఘవులుకి తృప్తి లేదు. "అంతా ఉండారు, డ్రమ్ములోడే లేడు. తాళం లేని స్వింగు ఉప్పులేని చారే" అని ఊదిన ప్రతిసారీ పెదవి విరిచాడు. వాళ్ల ఊదుడు, నిజానికి, పట్టాలెక్కడానికి అడుగు దూరంలో నిలబడిపోయిన బండిలా ఉంది.

ఆదివారం పదింటికి లక్ష్మీపతి గోదాముకు వెళ్లేసరికి వాయించేవాళ్లు పదిహేను మంది, వినేవాళ్లు అంతకంటే ఎక్కువ. ఐదో అంతస్తు రాజేశ్వరమ్మగారు కూడా బస్తా మీద దుప్పటి పరుచుకుని స్థిరపడింది.

"మామగారూ, గంటలో కమిటీ. దయచేసి అందరినీ పంపించేయండి. నా దుకాణం పోతుంది."

"ఒక్క పాట అల్లుడుగారూ. మంగళవారం పోతుండా గదా."

అంతలో షట్టరు కింద నల్లబూట్లు, ఫైలు చివర కనబడ్డాయి. సదాశివరావు అనుమతికి ముందు తనిఖీకి వచ్చాడు. ఇది దుకాణమేనని చూపించడానికి లక్ష్మీపతికి తోచింది ఒక్కటే. చాట అందుకుని, గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని, బియ్యం చెరగడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ల చెయ్యి. ఒక పెద్ద విసురు, రెండు చిన్న విసుర్లు. ఛక్, ఛక-ఛక్. ఛక్, ఛక-ఛక్.

పదిహేను వాద్యాలూ ఆ విసురు మీద పడ్డాయి. నిలబడిపోయిన బండి పట్టాలెక్కింది. బస్తాల మీద కూర్చున్నవాళ్ల మోకాళ్లన్నీ ఒకేసారి కదిలాయి. రాజేశ్వరమ్మగారి తల కూడా.

"అదీ. ఆపబాకండి అల్లుడుగారూ" అన్నాడు వీరరాఘవులు, శాక్సోఫోను నోట్లోంచి తీయీ తీయకుండానే.

ఆపితే ఇది దుకాణం కాదని తేలిపోతుంది. ఆపకపోతే బ్యాండుకు పెద్ద తానేనని తేలిపోతుంది. లక్ష్మీపతి చెమటలు కక్కుతూ చెరిగాడు. సదాశివరావు ఒక్కడే కర్రలా నిలబడి, పెన్సిలుతో మనుషుల్ని లెక్కపెడుతున్నాడు. నేరస్థుల జాబితా అనుకున్నాడు లక్ష్మీపతి. పాట అయ్యేసరికి సదాశివరావు వెనక్కి తిరిగి షట్టరు కిందికి లాగేశాడు.

"సొసైటీ మెంబర్లు ఇరవై తొమ్మిది. లక్ష్మీపతిగారితో ముప్ఫై" అన్నాడు. "మూడేళ్లుగా జనరల్ బాడీ సమావేశానికి పన్నెండు మంది దాటి రాలేదు. ముప్ఫై మంది లేనిదే ఏ తీర్మానమూ చెల్లదు. సి బ్లాకు రెండో లిఫ్టు ఫైలు మూడేళ్లుగా నా బల్ల మీద ఉంది. దయచేసి ఎవరూ కదలకండి."

లిఫ్టు తీర్మానం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత దుకాణం. సదాశివరావు ఫైలు తిప్పి, ఒక కొత్త కాగితం బయటికి తీశాడు.

"మూడో ఫిర్యాదు. నిన్న సాయంత్రం అందింది. రాజేశ్వరమ్మగారిది."

లక్ష్మీపతి చేతిలోంచి చాట జారింది. ఏడేళ్ల దుకాణం కళ్ల ముందు షట్టరు దించుకుంది. ఆమె కేసి చూశాడు. ఆమె ఏమాత్రం జంకలేదు.

"రాశాను బాబూ. ఆరింటికే ఆపేస్తారేం? నేను గుడినుంచి వచ్చేసరికి అయిపోతోంది. ఆరు రోజులు మాత్రమేనని మీరే అంటించారు, ఒక్కరోజూ సాంతం వినలేదు."

సదాశివరావు కళ్లజోడు సర్దుకున్నాడు. విషయం ఏదైనా ఫిర్యాదు ఫిర్యాదేననీ, మూడు పడ్డాక నిబంధన ప్రకారం అనుమతి ఇవ్వడానికి వీల్లేదనీ చెప్పాడు. తర్వాత, ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఫైళ్లు బతికించిన మనిషి కనుక, ఇంకో పేజీ తిప్పాడు. ఫిర్యాదుకు దారితీసిన లోపాన్ని పూర్తిగా సరిచేస్తే దాన్ని లెక్కలోంచి తీసేయవచ్చునట.

అలాగే సరిచేద్దామని ముప్ఫై చేతులు లేచాయి. లేచిన వాటిలో తన చెయ్యి కూడా ఉందని లక్ష్మీపతికి కొంచెం ఆలస్యంగా తెలిసింది. దుకాణానికి ఈసారి ఏకంగా మూడేళ్ల అనుమతి. షరతు ఒక్కటే. రోజూ ఏడింటి దాకా బ్యాండు నడవాలి, నడిపించే బాధ్యత దుకాణదారుది. మంగళవారం జీటీ ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టు ఆ మధ్యాహ్నమే రద్దయింది.

సాయంత్రం సంతకం కోసం సమావేశపు మినిట్స్ పుస్తకం వచ్చింది. సరుకు చూడకుండా సంతకం చేసే అలవాటు లేదు కనుక లక్ష్మీపతి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. హాజరైన వాళ్ల పట్టికలో తన పేరు ఎదురుగా, వృత్తి అన్న గడిలో 'వ్యాపారం' కొట్టేసి, 'చాట' అని రాసి ఉంది.