చేతులెత్తిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం అత్తగారి పథకం చాలా చిన్నది. చర్చిలో కొత్త పాట పూర్తయ్యేవరకు ముసలివాళ్ళెవరూ నోరు మెదపకూడదు. అంతే.

పాట కోడలు కట్టింది. కీబోర్డుకు కంప్యూటరు తగిలించి, దానికి ఇంకేవో పెట్టెలు తగిలించి, నెల రోజులుగా ఉదయం పూట చర్చిలో పిల్లలతో సాధన చేయిస్తోంది. పాటలో మాటలు నెమ్మదైనవే. దేవుడు పిలుస్తాడు, దారి తప్పినవాడు ఇంటికొస్తాడు. వాటి కింద మోగేది మాత్రం పిండిమరా అంబులెన్సూ పోట్లాడుకున్నట్టు ఉంటుందని మాస్టారు అభిప్రాయపడ్డారు. ఆయన డ్రాయింగు టీచరుగా రిటైరై సంఘపెద్దగా స్థిరపడిన మనిషి. చెవికి మిషను పెట్టుకుంటారు.

అత్తగారికి పాటతో పేచీ లేదు. ఆమె భయమల్లా ఖాళీ బల్లలంటేనే. ఊరి అవతల రంగు దీపాలతో పెద్ద చర్చి ఒకటి వెలిసింది. అక్కడికి వెళ్ళేవాళ్ళు చెప్పి వెళ్ళరు. మొదటి వారం జ్వరమంటారు. తర్వాతి వారం చుట్టాలొచ్చారంటారు. ఆపైన ఏమీ అనరు. కొన్నాళ్ళకు వాళ్ళ బల్ల మీద ఎవరో గొడుగులు పెట్టడం మొదలుపెడతారు. ఆ చర్చివాళ్ళు కోడలిని కూడా రమ్మన్నారని, ఇవాళ పాట ఎవరికీ నచ్చకపోతే ఆమె సరేనంటుందని, కొడుకు ముందురోజే నోరు జారాడు. కోడలు వెళ్తే పాడే పిల్లలంతా వెళ్తారు. కొడుకు ఎటూ వెళ్తాడు. ఒకే గుమ్మంలోంచి బయల్దేరి, వీధి చివర తలో దారి పట్టాలి.

అందుకే ఆరాధనకు ముందే ఆమె ముసలివాళ్ళందరినీ మెట్ల దగ్గర పోగేసింది.

"అన్నయ్యగారూ, ఇవాళొక్కరోజు ఓర్చుకోండి. మొహం చిట్లించొద్దు. మధ్యలో లేచిపోవద్దు."

"మొన్న సాధన వింటుంటేనే నా కట్టుడుపళ్ళు కదిలాయి చెల్లెమ్మా," అన్నారు మాస్టారు.

"నావి కదల్లేదు. ఇంట్లో పెట్టి వచ్చాను," అంది రిటైరైన నర్సమ్మ.

"మరీ భరించలేకపోతే నోరెత్తకుండా చెయ్యెత్తండి. నేను ముందు వరుసలోనే ఉంటాగా. తగ్గించమని కోడలికి మెల్లిగా సైగ చేస్తాను."

అందరూ సరేనన్నారు. ముందు వరుసలో కూర్చున్న మనిషికి వెనక లేచే చేతులు ఎలా కనబడతాయని ఎవరూ అడగలేదు.

పాట మెల్లగానే మొదలైంది. రెండో చరణానికి నేల కిందినుంచి ఏదో మోత బయల్దేరి బల్లల్లోకి, బల్లల్లోంచి మోకాళ్ళలోకి ఎక్కింది. మాస్టారి చెయ్యి లేచింది. ఆ వెంటనే నర్సమ్మవి రెండూ లేచాయి.

వేదిక మీద నిలబడి పాడేవాళ్ళకు ఎత్తిన చేతులంటే అర్థం ఒక్కటే, విన్నవాళ్ళ మనసు కరిగిందని. కోడలు ముందు నమ్మలేకపోయింది. మాస్టారా! ఆమె సంతోషం పట్టలేక, సౌండు బోర్డు దగ్గరున్న భర్తకు వేలు పైకి చూపించింది. అతను పెంచాడు. భార్య వేలు చూసి పనిచేయడం అతనికి పెళ్ళయిన నాటినుంచీ అలవాటే.

మోత పెరిగేసరికి చేతులూ పెరిగాయి. కిటికీ అద్దాలు గలగలమంటుంటే అత్తగారు వెనక్కి తిరిగి చూసింది. వరి చేనులా చేతులు! మాట ఇచ్చింది కదా అని రెండు చేతులూ ఎత్తి, కోడలి వైపు అటూ ఇటూ ఆడించింది.

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తయ్య కూడా! వేలు మళ్ళీ పైకి లేచింది.

ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. చీమ చిటుక్కుమన్నా వినబడే నిశ్శబ్దం.

"హమ్మయ్య," అన్నారు మాస్టారు.

అది పాట ఆగడం కాదు, పులి దూకేముందు వెనక్కి వంగడం. మరుక్షణం విరుచుకుపడింది. మాస్టారు చెవి మిషను పీకి, దాన్ని తల పైన ఆడిస్తూ లేచి నిలబడ్డారు. ఏ పాటకూ లేవని మాస్టారు లేచేసరికి పాస్టరుగారు పులకించిపోయి తానూ చేతులెత్తారు. పాస్టరుగారు ఎత్తాక మిగతావాళ్ళు దించి ఉంటే బాగుండదు కదా.

సరిగ్గా అప్పుడే ఎదురింట్లో ఉండే రాత్రి కాపలాదారు, కప్పుకున్న దుప్పటితోనే లోపలికి పరుగెత్తుకొచ్చాడు. రాత్రంతా కాపలా కాసి ఉదయం పడుకునే మనిషి. రెండు చేతులూ పైకెత్తి "ఆపండి! ఆపండి!" అని అరిచాడు. ఆ మోతలో చేతులు కనబడ్డాయిగాని మాట వినబడలేదు. పాస్టరుగారు ఎదురెళ్ళి కౌగిలించుకుని, వేదిక మీదికి నడిపించి, పాట తగ్గించమని సైగ చేసి మైకు చేతికిచ్చారు.

"నీ మనసులో ఉన్నది చెప్పు నాయనా."

"చెప్పేదేముందండీ! నెల నుంచి ఈ పాట నన్ను నిద్రపోనివ్వడం లేదు!"

"ఆమెన్!" అన్నారు పిల్లలు.

"కళ్ళు మూస్తే ఇదే! డ్యూటీకి వెళ్తే అక్కడా చెవుల్లో ఇదే!"

"హల్లెలూయా!"

"ఇక నావల్ల కాదు బాబూ, మీరే ఏదో దారి చూపించాలి," అని అతను ఏడ్చేశాడు.

పాస్టరుగారూ ఏడ్చేశారు. తన ప్రసంగాలకు ఒక్కరు కూడా ఇలా కదలలేదు మరి. కళ్ళు తుడుచుకుని, వచ్చే వారం నుంచి పాటలన్నీ ఈ పద్ధతిలోనే ఉంటాయని ప్రకటించారు. కాపలాదారుకు ముందు వరుసలో చోటిచ్చారు.

ఆరాధన కాగానే ముసలివాళ్ళు అత్తగారిని చుట్టుముట్టారు.

"సైగ చేస్తానన్నావు! నువ్వే రెండు చేతులూ ఎత్తి ఊగిపోయావేంటి చెల్లెమ్మా?"

"అదే సైగ అన్నయ్యగారూ!"

"బాగానే ఉంది. ఇప్పుడే వెళ్ళి ఉన్నమాట చెప్పేసిరా."

అత్తగారు వెళ్ళింది. కోడలు వేదిక మీద కూర్చుని వైర్లు చుడుతోంది.

"అమ్మాయ్, నీకొక మాట చెప్పాలి..."

"ముందు నన్ను చెప్పనివ్వండి అత్తయ్యా. ఆ పెద్ద చర్చికి రానని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేశాను. అక్కడ దీపాలు వెలిగితేగాని ఒక్క చెయ్యి లేవదు. మీకెవరికీ నచ్చదేమోనని నెలంతా భయపడి చచ్చాను. మాస్టారు లేచి నిలబడ్డారు, చూశారా?" కళ్ళు ఒత్తుకుంది. "ఇంతకీ మీరేదో చెప్పాలన్నారు?"

అత్తగారి చూపు ఆ వైర్ల మీదికి మళ్ళింది.

"ఏం లేదమ్మా. ఆ వైరు కాలికి తగులుతుంది, చూసుకో."

మర్నాడే ముసలివాళ్ళకు కొత్త ఏర్పాటు చెప్పింది. ఆకాశం విరిగి మీద పడ్డా సరే, ఎవరూ చెయ్యి ఎత్తడానికి వీల్లేదు.

తర్వాతి ఆదివారం ముసలివాళ్ళందరూ అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క చెయ్యీ లేవకపోయేసరికి కోడలి మొహం వాడిపోయింది. వేలు కిందికి చూపించింది. మోత తగ్గింది. అయినా చేతులు లేవలేదు. ఇంకా తగ్గించింది. చివరికి పెట్టెలన్నీ ఆపేసి, కీబోర్డు మీద రెండు వేళ్ళతో పలికిస్తూ మెల్లగా పాడింది. దారి తప్పినవాడు ఇంటికొచ్చాడు, తలుపు తీసే ఉంది. ముసలి చెవులకు ఆ మాటలు అప్పుడే మొదటిసారి చేరాయి. పాట నిజంగా బాగుంది. నర్సమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఆయన చెయ్యి, ఆయన్ని అడగకుండానే, తొడ కిందినుంచి బయటికొచ్చి పైకి లేచింది.

"అన్నయ్యగారూ, చెయ్యి!" అత్తగారు ఈసారి వెనక్కి తిరిగే కూర్చుంది. "చెయ్యి దించండి!"

కోడలు చూడనే చూసింది. మొహం వెలిగిపోయింది. వేలు పైకి లేచింది.

కిటికీ అద్దాలు గలగలమంటుంటే అత్తగారు బల్లల వైపు ఒకసారి కలయజూసింది. ఎక్కడా గొడుగుల్లేవు, అన్నిటి మీదా మనుషులే. నిట్టూర్చి, తనూ చేతులెత్తింది.

పక్కనే ఉన్న కాపలాదారు పాటంతా చెవులు మూసుకుని ఓపిగ్గా కూర్చుని, ప్రసంగం మొదలవగానే హాయిగా నిద్రపోయాడు.